నలుచదరపు వాత

గుంటూరు
12 జూన్ 1938, ఆదివారం

అక్కా,

నేనూ నీ కూతురు సరోజా క్షేమంగా చేరినాము. ముందు ఈ మాట చదివి ఊపిరి పీల్చుకో, తర్వాత తీరిగ్గా నన్ను తిట్టుకో.

మార్కాపురం రోడ్డు స్టేషనులో బండి ఎక్కినప్పటి నుంచి బిడ్డ నా ఒడిలోనే ఉంది. దగ్గు మాత్రం వినుకొండ దాటినా వదల్లేదు. ఎదురుగా కూర్చున్న పొగాకు వ్యాపారి "క్షయేమో, కిటికీ పక్కకు జరుగమ్మా" అన్నాడు. "ముందు మీ చుట్ట ఆర్పండి, సగం దగ్గు అక్కడే తగ్గుతుంది" అన్నాను. నరసరావుపేట దాకా ఆయన చుట్టను చెవి మీద పెట్టుకునే కూర్చున్నాడు.

ఆ వాతలు పెట్టే కాశమ్మ కుంపటిని కాలితో తన్నినందుకు నేను క్షమాపణ అడగను. రెండు నెలల దగ్గుకు నాలుగేళ్ల పిల్ల రొమ్ము మీద కాల్చిన పసుపు కొమ్ముతో వాత పెట్టిస్తారా? బావ చేతులు పట్టుకుని, నువ్వు కాళ్లు పట్టుకుని! ఆదివారం గుడిలో ముందు వరసలో కూర్చునేది మీరే, పాదిరి గారికి తెలియకుండా కాశమ్మను దొడ్డిదారిన పిలిపించేదీ మీరే. నేను ఆ రోజు సెలవు మీద ఊరికి రాకపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇక్కడ అట్లాంటి మొరటు పనులు లేవు. మూడేళ్లుగా నేను ఆయాగా చేస్తున్న ఆసుపత్రి సంగతి నీకు తెలుసు కదా. మా డాక్టరు గారు జర్మనీ నుంచి ఎక్స్‌రే మిషను తెప్పించినారు. నిన్న సరోజను దాని ముందు నిలబెట్టినాము. గది చీకటి చేస్తారు. బిడ్డ వీపు వెనక మిషను, రొమ్ము ముందర ఒక గాజు తెర. ఆ తెర మీద పక్కటెముకలు, వాటి వెనక కొట్టుకునే గుండె, అన్నీ కనపడతాయి. కత్తి లేదు, సూది లేదు, వాత లేదు. ఆ వెలుగు ఒంట్లోంచి పోయినట్టు బిడ్డకు చీమ కుట్టినంత కూడా తెలియదు. వేరే పిల్లలు చీకటికి జడిసి ఏడుస్తారు. మన సరోజ చేతులు పైకెత్తి, ఊపిరి బిగబట్టి, బొమ్మలాగా నిలబడింది. డాక్టరు గారు ఎంత మెచ్చుకున్నారో!

దగ్గుకు కారణం ఇంకా దొరకలేదు. వచ్చే శనివారం మళ్లీ చూస్తామన్నారు. బావకు, అత్తకు నా వందనాలు. కాశమ్మకు మాత్రం చెప్పొద్దు.

నీ చెల్లెలు
మగ్దలీనమ్మ


పెద్దారవీడు
20 జూన్ 1938

చెల్లెలు మగ్దలీనమ్మకు అక్క సుశీలమ్మ దీవెనలు, ఆ వెనకాలే నాలుగు తిట్లు.

బోర్డింగు స్కూల్లో నాతోపాటే చదివినావు కదా, నీకొక్కదానికే తెలివి ఎట్ల వచ్చిందే? నేను బిడ్డ కాళ్లు పట్టుకున్నది సంబరానికా? రాత్రుళ్లు దగ్గి దగ్గి బిడ్డ నీలంగా మారుతుంటే చూసిందాన్ని నేను. మార్కాపురంలో మందు వాడినాము, ప్రార్థన చేయించినాము, మిరియాల కషాయం పోసినాము. చివరికి కాశమ్మే గతి అనిపించింది. నీ బావకు చిన్నప్పుడు మూర్ఛ వస్తే కాశమ్మ తల్లి పెట్టిన వాతే నిలబెట్టిందని మా అత్త రోజుకు మూడుసార్లు చెబుతుంది.

నువ్వు కుంపటి తన్నిన సంగతి ఊరంతా పాకింది. కాశమ్మ మన వాకిలి ముందు నుంచి పోతూ "పట్నంలో నిప్పు లేకుండా వాత పెడతారంట, చూస్తాం చూస్తాం" అని అరిచి మరీ పోతోంది.

నీ ఉత్తరం చదివి వినిపిస్తే మా అత్త ఒకటే అడిగింది. "ఆ వెలుగు ఎన్ని సార్లు పెడతారంట?" నాకూ అదే అనుమానం. వాత అయితే మూడు ఆదివారాలు పెట్టాలి, లేదంటే అయిదు. సరి సంఖ్యలో ఆపితే రోగం తిరగబెడుతుంది, మధ్యలో వదిలితే ఇంకా చేటు. వెలుగు మందుకు కూడా ఏదో ఒక లెక్క ఉంటుంది కదా. మొదలుపెట్టింది మధ్యలో ఆపకు. ఇంటి మీద బెంగతో బిడ్డ ఏడ్చినా సరే, పూర్తిగా చేయించే తీసుకురా.

ఇక్కడ వాన చినుకు లేదు. నీ బావ ఆశీర్వాదం పొద్దు పొడవకముందే పలకల గనికి పోతున్నాడు. ఇంటికి వచ్చి బిడ్డ పడుకునే చోట కాసేపు ఊరికే కూర్చుంటాడు. నువ్వే అర్థం చేసుకుని త్వరగా రాయి.

సుశీలమ్మ


గుంటూరు
17 జులై 1938, ఆదివారం

అక్కా,

సంతోషంగా ఉన్నప్పుడు రాస్తున్న ఉత్తరం ఇది, అందరినీ కూర్చోబెట్టి చదువు. సరోజ దగ్గు పోయింది!

పదిహేను రోజుల కిందట అన్నం తింటూ ఒక్కసారిగా పొర పోయింది. కళ్లు తేలేసింది. నేను తలకిందులుగా పట్టుకుని వీపు మీద చరిచినాను. నల్లగా ఏదో ఎగిరి పడింది. కడిగి చూస్తే చింతపిక్క ముక్క! మీరు చింతపండు గింజ తీసే రోజుల్లో నోట్లో పెట్టుకుని ఉంటుంది. అది ఊపిరిలోకి దిగి ఇన్నాళ్లు అక్కడే కూర్చుంది. ఆ పూట నుంచి ఒక్క దగ్గు లేదు. రెండు ముద్దలు ఎక్కువే తింటోంది.

మరి ఇంకా ఎందుకు పంపలేదని అడుగుతావని తెలుసు. ఇంకా కొన్నాళ్లు చూస్తే మంచిదని డాక్టరు గారు అంటున్నారు. ఇక్కడ శనివారం చూపు అని ఒకటి ఉంది. ఆసుపత్రికి చందాలిచ్చే పెద్దమనుషులు, వాళ్ల ఆడవాళ్లు, ఒక్కోసారి దొరలు కూడా మిషను చూడడానికి వస్తారు. వాళ్లకు చూపించడానికి కదలని బిడ్డ కావాలి. సరోజ ఉంటే చాలని డాక్టరు గారి మాట. పోయిన వారం కలెక్టరాఫీసు నుంచి వచ్చిన ఒక అమ్మ సరోజ గుండె కొట్టుకోవడం చూసి "అయ్యో, పిచ్చుక పిల్లలాగా ఉందే" అని జడకు ఎర్ర రిబ్బను ఇచ్చింది. ఒక్కో జట్టుకు ఒక్కోసారి నిలబెడతాము. నేను పక్కన ఉండి బిడ్డ భుజాలు పట్టుకుంటాను.

డాక్టరు గారి వేషం చూస్తే నువ్వు నవ్వి చస్తావు. మెడ నుంచి మోకాళ్ల దాకా సీసం కలిపిన రబ్బరు కోటు, చేతులకు మోచేతుల దాకా అట్లాంటి తొడుగులే. ఈ ఎండల్లో! అది శీతల దేశాల అలవాటేమో అనుకుంటాను.

ఇంకో మాట. శనివారాలు ఇట్లాగే సాగితే నన్ను ఆయా పని నుంచి తీసి నర్సు చదువుకు పంపిస్తానని డాక్టరు గారు మాట ఇచ్చినారు. తెల్ల టోపీ అక్కా! నాయన బతికి ఉంటే ఎంత పొంగిపోయేవాడో.

సరోజ వీపు కొంచెం ఎర్రబడింది. చెమటకాయలు అయి ఉంటాయి.

మగ్దలీనమ్మ


పెద్దారవీడు
26 జులై 1938

మగ్దలీ,

నీ నోట్లో చక్కెర పొయ్య! ఉత్తరం పట్టుకుని గనికే పరిగెత్తినాను. నీ బావ చేతిలో సుత్తి కింద పెట్టి, నలుగురూ చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చినాడు. ఆదివారం గుడిలో కృతజ్ఞత కానుక ఇచ్చినాము. చింతపండు తొక్కు ఇంట్లోకి రానీయనని మా అత్త ఒట్టు పెట్టుకుంది. ఎన్నాళ్లు ఉంటుందో ఆ ఒట్టు!

వీపు ఎర్రబడిందని రాసినావే, ఆ మాట కాశమ్మ చెవిన పడింది. ఇంటికి వచ్చి కూర్చుని పగలబడి నవ్వింది. "పడిందా లేదా? నిప్పులేని వాత అని నీ చెల్లెలు ఎగిరింది, చూడు, దానికీ మచ్చ పడింది. ఎర్రబడితే పండినట్టే అమ్మీ, రోగం బయటికి వచ్చినట్టే. నూనె రాయొద్దను" అంది. ఈసారి కాశమ్మ మాటే నెగ్గింది, ఒప్పుకో. మా ఇద్దరికీ మనసు నెమ్మదించింది. చింతపిక్కను కదిలించింది కూడా ఆ వెలుగేనని నా నమ్మకం.

ఇంతకూ ఎన్నిసార్లు అయింది? లెక్క రాయలేదు నువ్వు. సరి సంఖ్య అయి ఉంటే ఇంకొకటి చేయించు, బేసికి ఆపు. పుండు మానక ముందు ఎండలో తిప్పకు.

వానలు పడినాయి. సజ్జ విత్తడానికి రోజూ కూలికి పోతున్నాను. పంట కోతకు ముందే బిడ్డ ఇంటికి రావాలి. టోపీ సంగతి చదివి నీ బావ "మన మగ్దలీ దొరసాని అవుతుంది" అన్నాడు. అవ్వు తల్లీ, మా కళ్లతో చూస్తాము.

అక్క


గుంటూరు
28 ఆగస్టు 1938

అక్కా,

ఈ ఉత్తరం ఎట్లా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చింపినాను. సరోజ ప్రాణానికి భయం లేదు. ఆ మాట ముందు పెట్టుకుని మిగతాది చదువు.

వీపు మీద ఎర్రదనం పండలేదు. బొబ్బలెక్కింది. పోయిన వారం బొబ్బలు చితికి తోలు ఊడింది. బిడ్డ బోర్లా పడుకుంటోంది. గౌను తగిలితే ఓర్చుకోలేదు.

ఇక్కడ మిషను నడిపే కృష్ణయ్య అని ఒక పెద్దాయన ఉన్నాడు. ఎడమ చేతికి ఎప్పుడూ గుడ్డ తొడుగు ఉంటుంది, అన్నం తినేటప్పుడు కూడా తియ్యడు. బిడ్డకు లేపనం రాస్తుంటే వచ్చి నిలబడి, ఆ తొడుగు తీసినాడు. అక్కా, రెండు వేళ్లు సగానికి లేవు. మిగిలిన తోలు బీడు నేలలాగా పగుళ్లు. "మద్రాసులో పదేళ్లు ఈ పనే చేసినానమ్మా. మొదట ఎర్రబడింది. చెమటకాయలన్నారు" అన్నాడు.

ఆయన చెప్పినదంతా నీకు చెప్పాలి. ఈ మిషను చెడ్డది కాదంట. ఎముక విరిగితే, కాసు మింగితే అది ప్రాణం నిలబెడుతుందంట. కానీ ఎందుకు చూస్తున్నామో తెలిసి, చూడాల్సినంత చూసి, వెంటనే ఆపాలంట. పసి ఒంటికి పెద్దవాళ్ల కంటే తొందరగా తగులుతుందంట. చింతపిక్క ఆ వెలుగులో కనపడనే కనపడదంట. మొదటి రోజు చూడడం న్యాయమే, ఆ తర్వాత చూసినవన్నీ ఉత్త తమాషాకే అన్నాడు. తన పుస్తకం తీసి లెక్క చెప్పినాడు. పదకొండు శనివారాల్లో ముప్పై నాలుగు సార్లు. ఒక్కోసారి పది నిమిషాలు.

గురువారం నేను డాక్టరు గారి గదికి పోయినాను. "నల్ల ఒళ్లు, ఏమీ కాదు" అన్నాడు. "మరి తమరు ఆ కోటు ఎందుకు తొడుక్కుంటారండీ?" అన్నాను. "నేను రోజూ ఉంటాను, ఆ పిల్ల వారానికి ఒక రోజేగా" అన్నాడు. "నేనూ రోజూ ఉంటాను కదండీ" అన్నాను. దానికి బల్ల మీద గుద్ది అరిచినాడు. నా వేళ్ల వెనక కూడా ఎర్రబడి దురద పెడుతోంది.

బిడ్డను ఇంటికి పంపడానికని ఇంగ్లీషులో ఏదో కాగితం రాసి నా సంతకం తీసుకున్నాడు. బావను వెంటనే పంపించు.

మగ్దలీనమ్మ


పెద్దారవీడు
30 ఆగస్టు 1938

మగ్దలీనమ్మకు,

దీవెనలు ఈసారి లేవు.

నిన్న మీ డాక్టరు దగ్గర నుంచి రిజిస్టరు ఉత్తరం వచ్చింది. ఒకటి మాకు, ఒకటి పాదిరి గారికి. మాది బడి అయ్యవారు చదివి తెలుగులో చెప్పినాడు. "ఈ బిడ్డ వీపు మీది కాలిన గాయం తల్లిదండ్రులు స్వగ్రామంలో పెట్టించిన వాత వల్ల అయినది. ఆసుపత్రిలో అయినది కాదు. బిడ్డను తెచ్చిన పినతల్లి ఇందుకు సాక్షి." కింద నీ సంతకం. మ కింద వంకర, ఆ చివర సున్నా, చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. అయ్యవారి చేతిలోంచి లాక్కుని నేనే చూసినాను.

ఏమే, మా బిడ్డ ఒంటి మీద వాత ఉందా నువ్వు ఎత్తుకుపోయిన రోజు? కుంపటి తన్నింది నువ్వే కదా, కొమ్ము కాలక ముందే? మేము తప్పు చెయ్యబోయినాము, చెయ్యలేదు. ఆ చెయ్యబోయిన సంగతి మీ డాక్టరుకు చెప్పింది ఎవరు? నువ్వే చెప్పి ఉంటావు, పల్లెటూరి మొద్దుల మధ్య నుంచి బిడ్డను కాపాడుకొచ్చినానని గొప్పగా. ఆ మాట పట్టుకుని వాడు తన పుండును మా చేతికి అంటగట్టినాడు. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలంటారు. మాకు కంచెవి నువ్వే.

పాదిరి గారు ఇంటికి వచ్చినాడు. చెప్పింది విన్నాడు, నమ్మలేదు. కాశమ్మను పిలిపించినామని ఆయనకు ముందే తెలుసంట. విచారణ అయ్యేదాకా మమ్మల్ని గుడిలో ప్రభువు బల్లకు, రొట్టె ద్రాక్షరసం తీసుకోవడానికి రావద్దన్నాడు. గ్రామ మునసబు కాశమ్మను పిలిచి బెదిరించినాడు. ఆ ముసలిది చావడి ముందర మట్టి ఎత్తి పోసింది. "పెట్టిన వాతకు తిట్టినా పడతా. పెట్టని వాతకు పడను" అంది.

వెలుగుకు తోలు కాలుతుందని మాకు ఎవరు చెప్పినారు? చీమ కుట్టినంత కూడా ఉండదని రాసింది నువ్వు. ఆ ఉత్తరం నా దగ్గరే ఉంది.

టోపీ కోసమా ఇదంతా? నాయన పొంగిపోయేవాడని రాసినావు. నాయన ఉంటే ఏం చేసేవాడో నీకూ తెలుసు.

చార్జీలకు గనిలో కూలి డబ్బు అందగానే, శుక్రవారం బండికి నీ బావ బయలుదేరుతాడు. రావద్దన్నా వినకుండా కాశమ్మ కూడా వెంట పోతానంటోంది. బిడ్డను వాళ్ల చేతిలో పెట్టు. నాకు ఉత్తరాలు రాయొద్దు.

సుశీలమ్మ


గుంటూరు
11 సెప్టెంబరు 1938, ఆదివారం

అక్కా,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. నా ఉత్తరం, నీ ఉత్తరం దారిలో ఒకదాన్ని ఒకటి దాటిపోయినాయి. ఆ కాగితంలో ఏముందో నాకు తెలియదు. ఇంగ్లీషు నాకు రాదని నీకు తెలుసు. కానీ చదివించుకోకుండా సంతకం పెట్టింది నేనే. డాక్టరు గారి కోపం చూసి జడుసుకుని పెట్టినాను. వాత సంగతి ఆయనకు చెప్పింది కూడా నేనే, నువ్వు రాసినట్టే, గొప్పగానే చెప్పినాను.

అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. నువ్వు ఆ వెలుగును మందు అనుకుంటున్నావని నీ మొదటి ఉత్తరంలోనే నాకు అర్థమయింది. అది మందు కాదక్కా, ఉత్త చూపు. ఆ ఒక్క ముక్క రాస్తే నువ్వు బిడ్డను వెంటనే పంపమంటావు, శనివారాలు పోతాయి, నా టోపీ పోతుంది. అందుకని రాయలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

బావ, కాశమ్మ వచ్చిన రోజు శనివారమే. జనం వరండాలో నిలబడి ఉన్నారు. బావ తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని "మా బిడ్డను మాకియ్యండి సామీ" అన్నాడు. నేను సరోజను తెచ్చి ఆయన భుజం మీద పడుకోబెట్టినాను. జ్వరంతో మగతగా నిద్రపోతోంది. వెళ్లబోతుంటే కాశమ్మ అడ్డం నిలబడింది. బిడ్డ వీపు మీది గుడ్డ కొంచెం జరిపి చూసి, డాక్టరు గారి వైపు తిరిగింది.

"ఏందయ్యా డాకటేరూ, నేను వాత పెట్టినానని రాసినావంట. నలభై ఏండ్లుగా పెడతాండా, నాకు తెల్వదా? నేను పెట్టేది కందిబద్దంత, గుండ్రంగా ఉంటాది. దగ్గుకు రొమ్ము మీద పెడతాం గానీ వీపు మీద పెడతామా? ఇది చూడు, పలక మాదిరి నాలుగు మూలలు ఉండాది! ఇట్లా నలుచదరంగా కాల్చే కొమ్ము నా కాడ లేదు. నీ కాడ ఉండాదేమో తీసుకురా, కొలిచి చూస్తాం."

డాక్టరు గారు "ఈ ముసలిదాన్ని బయటికి పంపండి" అన్నాడు. బంట్రోతు రెక్క పట్టుకున్నాడు. ఆమె పోతూ పోతూ నా వైపు కూడా చూసి "కుంపటిని తన్నినావే, ఆ మిషనును తన్నలేకపోయినావా?" అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

అప్పుడు నేను నోరు విప్పినాను. నా సంతకం అబద్ధమని, ఊళ్లో వాత పెట్టలేదని, ముప్పై నాలుగు సార్లు నేనే భుజాలు పట్టుకుని నిలబెట్టినానని అందరి ముందు చెప్పినాను. "తిన్నింటి వాసాలు లెక్కపెడతావా" అని ఆ రోజే నన్ను పనిలోంచి తీసేసినాడు. ఇప్పుడు కృష్ణయ్య ఇంట్లో ఉన్నాను. ఆయన భార్య అలివేలమ్మ నా చేతులకు వెన్న రాసి కట్టు కడుతోంది.

ఇప్పుడు అసలు సంగతి. చందాల కమిటీలో ఒక ప్లీడరు గారు ఉన్నారు. ఆ రోజు వరండాలో కాశమ్మ మాటలు విన్నారు. నాకు కబురు పంపినారు. అక్టోబరు ఒకటో తేదీ, శనివారం, కమిటీ ఆసుపత్రిలోనే కూర్చుంటుంది. బిడ్డను తెచ్చి వీపు చూపిస్తే విచారణ చేస్తారంట. చూపించకపోతే డాక్టరు కాగితమే నిలబడుతుందంట. పాదిరి గారికి కూడా వాళ్లే ఉత్తరం రాస్తారంట. అక్కా, పోయిన శనివారం వేరే బిడ్డను నిలబెట్టినారని కృష్ణయ్య చెప్పినాడు. మూడేళ్ల పిల్లాడు. సరోజ వీపు చూస్తే తప్ప వాళ్లు ఆపరు. ఒక్కసారి తీసుకురా. నా మీద కోపం తర్వాత తీర్చుకో.

మగ్దలీనమ్మ


పెద్దారవీడు
24 సెప్టెంబరు 1938

మగ్దలీ,

నీ ఉత్తరం వచ్చి పది రోజులయింది. మూడుసార్లు జవాబు మొదలుపెట్టి ఆపినాను. నీ మీద కోపం పోలేదు. కానీ నా మీద నాకున్న కోపం ముందర నీ మీదిది చిన్నది. ఇంకొకటి చేయించమని, మధ్యలో ఆపొద్దని రాసింది నేను. నా చేత్తో రాసినాను. వేరే ఊళ్లో ఉండి, బిడ్డను మళ్లీ ఆ మిషను ముందరకు నెట్టినాను. ఇది నీతో తప్ప ఎవరితో చెప్పుకోను.

పుండు అంచుల నుంచి మానుతోంది. నడిమధ్యన ఇంకా పచ్చిగానే ఉంది. కాశమ్మ రోజూ వస్తుంది, ఏమీ చెయ్యదు, వేపాకు నీళ్లతో కడిగి పోతుంది. ఆమె కూడా మంత్రం మరిచిపోయినట్టుంది.

ఇక నువ్వు అడిగిన సంగతి. బిడ్డను తీసుకురాను.

ఎందుకో చెబుతాను, కమిటీ వాళ్లకు కూడా చదివి వినిపించు. నిన్న పాదిరి గారు బల్ల విషయం మాట్లాడడానికి ఇంటికి వచ్చినాడు. గడప లోపల కాలు పెట్టినాడో లేదో, మూలన ఆడుకుంటున్న సరోజ లేచింది. ఎవరూ చెప్పలేదు. గౌను తనే విప్పింది. పుండు గోడకు తగులుతున్నా వీపు ఆనించింది. రెండు చేతులూ పైకెత్తి, ఊపిరి బిగబట్టి, ఆయన వైపు చూస్తూ నిలబడింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, కదల్లేదు. కొత్త మనిషి వస్తే తన ఒళ్లు చూడడానికే వస్తాడని నా బిడ్డకు నేర్పినారు.

పాదిరి గారు మొహం తిప్పుకుని వాకిట్లోకి పోయి, అరుగు మీద కూర్చున్నాడు. వచ్చే ఆదివారం బల్లకు రమ్మన్నాడు. నేను బిడ్డకు గౌను తొడగడానికి లోపలికి పోయినాను.

ఇప్పుడు మళ్లీ ఆమెను గుంటూరు తెచ్చి, ఆ వరండాలోనే, శనివారం నాడే, పెద్దమనుషుల ముందర గౌను విప్పమంటావా? వాళ్లు చీకట్లో చూసినారు, వీళ్లు పగటిపూట చూస్తారు, అంతే కదా తేడా? న్యాయం కోసమైనా సరే, ముప్పై అయిదోసారి నా బిడ్డను ఎవరి ముందరా నిలబెట్టను. సాక్ష్యం కావాలంటే పెద్దవాళ్లం మనం ఉన్నాము. నీ చేతుల కట్లు విప్పి చూపించు. కృష్ణయ్య గారిని తన చెయ్యి చూపించమని నేను అడిగినానని చెప్పు. ఆయన పుస్తకంలో లెక్క ఉంది. నీ సంతకం అబద్ధమని మళ్లీ ఒకసారి చెప్పు, ఈసారి జడుసుకోకుండా. ఇవి చాలవంటే ఆ కమిటీకి కావలసింది న్యాయం కాదు, ఇంకొక చూపు.

ఆ మూడేళ్ల పిల్లాడి తల్లి ఎవరో కనుక్కుని ఉంచు. ముందు ఆమెతో మాట్లాడాలి. ఆమె కూడా అది మందే అనుకుంటూ ఉంటుంది.

శుక్రవారం బండికి నేను వస్తున్నాను. ఒక్కదాన్నే వస్తున్నాను.

నీ అక్క
సుశీలమ్మ